కుక్కర్ కూతకు ఉలిక్కిపడే చెవులతో రాక్ సంగీతం వినడం ఎలా

మా ఇంట్లో కుక్కర్ పెట్టేదీ నేనే, కూత రాకముందే వంటింట్లోంచి పారిపోయేదీ నేనే. హైదరాబాద్ చిక్కడపల్లిలో మా సందులోకి పెళ్లి బ్యాండు మలుపు తిరిగిందంటే దిద్దుతున్న ప్రూఫులు అలాగే వదిలేసి స్నానాలగదిలో తలుపు వేసుకుంటాను. గరిటె గిన్నె అంచుకు గీసుకుంటే పళ్లు జివ్వుమంటాయి. ఇరవై రెండేళ్లుగా పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నానంటే, అందుకు సగం కారణం ఆ పనికి చప్పుడు లేకపోవడమే.

అలాంటిదానికి రాక్ సంగీతం ప్రాణం అంటే ఎవరూ నమ్మరు. "చప్పుడు పడదంటావు, మళ్లీ ఆ గోల వింటావు" అని మా వదిన ఇప్పటికీ దెప్పుతుంది. వదినకు నేను చెప్పే జవాబు ఒకటే. కుక్కర్ కూత ఎప్పుడు పడుతుందో నాకు తెలియదు. తెలిసిన పాటలో డ్రమ్ము దెబ్బ ఎప్పుడు పడుతుందో నాకు తెలుసు. శబ్దం ఎంత పెద్దది అనేదొక బాధ, ఎప్పుడు మీద పడుతుందో తెలియకపోవడం ఇంకో బాధ. మొదటిదాన్ని తగ్గించుకోవచ్చు, రెండోదాన్ని దాదాపుగా తీసేసుకోవచ్చు. ఈ వ్యాసమంతా ఆ పని గురించే.

ముందు నేను చేసిన తప్పులు చెబుతాను. పన్నెండేళ్ల కిందట ఊళ్లో ఒక హాలులో రాక్ కచేరీకి టికెట్ కొనుక్కుని వెళ్లాను. గంటంబావు ఆటోలో హారన్లు వింటూ వెళ్లాను. మూడో వరసలో, స్పీకర్ల దొంతరకు ఎదురుగా, వరసకు సరిగ్గా మధ్యలో కూర్చున్నాను. చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఆ బృందం పాట ఒక్కటి కూడా అంతకుముందు వినలేదు. రెండో పాట సగంలో కడుపులో తిప్పింది. మూడో పాటకు తొమ్మిదిమంది మోకాళ్లు దాటుకుంటూ బయటపడి జనరేటర్ పక్కన మెట్ల మీద కూలబడ్డాను. వాచ్‌మన్ మంచినీళ్లు ఇచ్చి, "గుండె జబ్బా అమ్మా?" అని అడిగాడు. ఒక్క సాయంత్రంలో ఇన్ని తప్పులు చేయడం కష్టం, నేను చేయగలిగాను.

దూది సంగతే చూడండి. అది శబ్దాన్ని ఆపదు. పైస్థాయి ధ్వనులను, అంటే సన్నని కీచు శబ్దాలను, కాస్త మొద్దుబారుస్తుంది, అంతే. స్పీకర్ల ముందు దూది పెట్టుకుని కూర్చోవడం వానలో చేతిరుమాలు నెత్తిన వేసుకోవడం లాంటిది.

శబ్దం పడకపోవడానికి కారణం అందరికీ ఒకటే కాదు. మామూలు శబ్దాలే భరించలేనంత పెద్దగా వినిపిస్తే దాన్ని హైపరాక్యూసిస్ అంటారు. పక్కవాళ్లు నమలడం, పెన్ను టకటకలాడించడం లాంటి కొన్ని చప్పుళ్లకు మాత్రమే ఒళ్లు మండితే అది మిసోఫోనియా. మైగ్రేన్ ఉన్నవాళ్లకు నొప్పి రోజుల్లో శబ్దం శత్రువు. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి శబ్దం, వెలుగు, స్పర్శ అన్నీ కలిసి మీద పడతాయి. మీది ఏదో తెలియకుండా ప్రయోగాలు మొదలుపెట్టవద్దు. కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. మీకు వీలైన మరో చెవి వైద్యుడి దగ్గరకైనా వెళ్లి, ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. చెవిలో గులిమి ఉందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. గులిమి ఉన్న చెవిలో శబ్దాన్ని ఆపే ప్లగ్గు పెడితే గులిమి ఇంకా లోపలికి పోతుంది.

ఇప్పుడు రాక్ సంగీతమే ఎందుకు అంతగా గుచ్చుకుంటుందో చూద్దాం. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య ధ్వనులను అన్నిటికంటే పదునుగా పట్టుకుంటుంది. చెవి రంధ్రం ఆకారమే ఆ ధ్వనులను పెంచి లోపలికి పంపుతుంది. పసిపిల్లల ఏడుపులో మనల్ని లేపి కూర్చోబెట్టే పదును ఉండేదీ అక్కడే. స్నేర్ డ్రమ్ము చటుక్కుమనే శబ్దం, గిటార్ కరకు, గాయకుడి కేక అన్నీ వచ్చి ఆ ఇరుకు సందులోనే గుమిగూడతాయి. ఇక గిటార్‌కు ఆ కరకు ఎలా వస్తుందంటే, యాంప్లిఫయర్ మోయగలిగిన దానికంటే ఎక్కువ బలం దానికి ఇస్తే ధ్వని తరంగం తల తెగిపోతుంది. తెగిన చోట కొత్త పైస్వరాలు పుడతాయి. తంబూరాలో తీగలు ఆనుకునే బ్రిడ్జి మీద జీవారి దారం సవరించినప్పుడు తీగ ఒక్కటే అయినా స్వరాల గుంపు పలుకుతుంది కదా, కొంచెం అలాంటిదే. తంబూరాను మెచ్చుకునే చెవి గిటార్ కరకును గోల అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. సరే, అది నాకూ మా వదినకూ మధ్య తగవు.

మధ్యచెవిలో ఒక చిన్న కండరం ఉంటుంది. పెద్ద శబ్దం వినగానే అది బిగుసుకుని, లోపలికి వెళ్లే శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది. అయితే అది బిగుసుకునేందుకు సెకనులో దాదాపు పదో వంతు పడుతుంది. హఠాత్తుగా పడిన దెబ్బ ఆలోపే దాటిపోతుంది. అందుకే సాగే మోత కంటే ఒక్కసారిగా పడే పటాకు మనల్ని ఎక్కువ కుదిపేస్తుంది.

అభ్యాసం ఇంట్లో మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి చిన్న స్పీకర్ వాడండి, దాన్ని గది అవతలి మూలన ఉంచండి. ఇయర్‌ఫోన్లలో పాట తల లోపల జరుగుతున్నట్టు ఉంటుంది. స్పీకరైతే అది బయట ఎక్కడో ఉంటుంది, మీకూ దానికీ మధ్య దూరం ఉంటుంది. ఆ దూరమే ధైర్యం. శబ్దం పెంచే తగ్గించే మీట మీ చేతిలోనే ఉండాలి, ఇంకొకరికి ఇవ్వవద్దు. ఫోనులో అన్ని పాటల శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చే అమరిక ఉంటే దాన్ని ఆన్ చేయండి. పాటకూ పాటకూ మధ్య ప్రకటన గావుకేక పెట్టే ఉచిత యాప్‌లు మనకు పనికిరావు. ధ్వని స్థాయిలను విడివిడిగా పెంచే తగ్గించే ఈక్వలైజర్ ఉంటే 3,000 హెర్ట్జ్ దగ్గర మూడు నాలుగు డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) దించి చూడండి, పాట అలాగే ఉంటుంది, ముల్లు విరుగుతుంది. తక్కువ శబ్దంలో బేస్, అంటే కిందిస్థాయి ధ్వని, మన చెవికి మరీ పలచబడుతుంది కాబట్టి దాన్ని కొద్దిగా పెంచుకోవచ్చు.

ఏ పాటతో మొదలుపెట్టాలి? నెమ్మదిగా మెట్లెక్కే పాటతో. లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బృందం 1971లో విడుదల చేసిన 'స్టెయిర్‌వే టు హెవెన్' ఎనిమిది నిమిషాల పాట. మొదట అకౌస్టిక్ గిటారు, దాని వెంట పిల్లనగ్రోవిలాంటి రికార్డర్. డ్రమ్స్ రావడానికి నాలుగు నిమిషాలు దాటుతుంది. చెవికి సర్దుకునే వ్యవధి ఇచ్చే పెద్దమనిషి తరహా పాట అది. దీనికి పూర్తిగా ఎదురు, పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 నాటి 'టైమ్'. నిశ్శబ్దంగా ఉన్న చోట గడియారాలన్నీ ఒక్కసారి గణగణ మోగుతాయి. నాకు మొదటిసారి చేతిలో కాఫీ గ్లాసు ఒలికింది. నిర్వాణ బృందం 1991 నాటి 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'లో గిటార్ కొన్ని క్షణాలు బుద్ధిగా వాయించి, డ్రమ్ములతో కలిసి మీద పడుతుంది. ఈ రెండూ గొప్ప పాటలే, రెండో నెలలో వినండి.

కొత్త పాటను నేను మూడుసార్లు వింటాను. మొదటిసారి పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నంత మెల్లగా, చేతిలో పెన్సిల్‌తో. దెబ్బ ఎక్కడ పడుతుందో కాగితం మీద రాసుకుంటాను. ప్రూఫులు దిద్దే చెయ్యి కదా, ఆ గుర్తులే వచ్చేస్తాయి. హఠాత్తుగా ఏదైనా చేరే చోట మొన గుర్తు, గిటార్ కరకు సాగే చోట అలల గీత, నాకు అసలు వద్దనిపించే చోట అక్షరం తీసేయమని చెప్పే కొక్కెం గుర్తు. రెండోసారి కాగితం చూస్తూ వింటాను. మూడోసారి కాగితం లేకుండా, కొంచెం పెంచి. మూడోసారికి దెబ్బ పడే ముందే భుజాలు సిద్ధమవుతాయి, ఉలికిపాటు ఉండదు. అప్పుడు గానీ అది సంగీతంలా వినిపించదు.

ఇక ఇయర్ ప్లగ్గులు. మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు చవక, శబ్దాన్ని గట్టిగానే ఆపుతాయి. కానీ పైస్థాయి ధ్వనులను ఎక్కువగా తినేస్తాయి కాబట్టి పాట దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్గులు వేరు. అవి అన్ని స్థాయిలనూ దాదాపు సమంగా దించుతాయి, పాట రూపు చెడదు. మీ చెవి అచ్చు తీసి చేసేవీ ఉన్నాయి. వాటిలో 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లు మార్చుకోవచ్చు, ఖరీదు కూడా అలాగే ఉంటుంది. నా మట్టుకు నేను మామూలు ఫిల్టర్ ప్లగ్గులు వాడతాను, సంచిలో ఒక ఫోమ్ జత అదనంగా ఉంచుకుంటాను.

ఫోమ్ ప్లగ్గును చాలామంది చెవి గుమ్మంలో బిరడాలా నిలబెడతారు. అలా కాదు. చేతులు కడుక్కుని, ప్లగ్గును వేళ్ల మధ్య అగరువత్తి పుల్లంత సన్నగా వచ్చేదాకా నలపండి. కుడి చెవికి పెడుతుంటే ఎడమచేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి. వంకర దారి తిన్నగా అవుతుంది. అప్పుడు ప్లగ్గు లోపలికి జారుతుంది. అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టి ఉంచండి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కూర్చోకపోతే తీసి మళ్లీ పెట్టండి. పెట్టె మీద రాసిన డెసిబెల్స్ అంకె ప్రయోగశాలలో వచ్చినది, మన చెవిలో అంత రాదు. చిన్నపిల్లలకు మాత్రం ఇవి వద్దు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు చెవులు మొత్తం కప్పే మఫ్లు మేలు.

శబ్దాన్ని రద్దుచేసే హెడ్‌ఫోన్లు చాలవా అని అడుగుతారు. అవి ఫ్యాను, విమానం లాంటి ఒకే తీరు మోతను బాగా తగ్గిస్తాయి. డ్రమ్ము దెబ్బ లాంటి హఠాత్తు శబ్దం ముందు తడబడతాయి. మెట్రోలో పెట్టుకోండి, కచేరీలో వాటినే నమ్ముకోవద్దు.

ఇంకో హెచ్చరిక, ఇది నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ప్లగ్గులు బాగా పనిచేస్తున్నాయని ఒకసారి రెండు నెలలు ఇంట్లో కూడా పొద్దస్తమానం పెట్టుకున్నాను. చివరికి కాగితం తిప్పిన చప్పుడు కూడా చురుక్కుమనేది. నిశ్శబ్దానికి అలవాటు పడినకొద్దీ చెవి ఇంకా సున్నితమవుతుంది. అవసరమైన చోటనే పెట్టుకోండి, ఇంటికి రాగానే తీసేయండి.

మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ స్నేహితులతో కలిసి ఒక బృందంలో డ్రమ్స్ వాయిస్తాడు. మల్కాజ్‌గిరిలో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, గోడలకు పాత పరుపులు కట్టి సాధన చేస్తారు. "అత్తా, నువ్వు ఒక్క షోకైనా రావాలి" అని వాడు రెండేళ్లు బతిమాలాడు. చివరికి నేనొక షరతు పెట్టాను. ముందు వాయిద్యాలను ఒక్కొక్కటిగా నాకు పరిచయం చేయాలి.

ఒక ఆదివారం వెళ్లాను. వాడు ముందు చెప్పి, వేళ్లతో మూడు లెక్కపెట్టి, ఒక్కొక్క దెబ్బ వేశాడు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ము చెవికంటే ముందు అరికాళ్లకూ, తర్వాత రొమ్ము ఎముకకూ తెలిసింది. అది నాకు బాగానే ఉంది, ఎవరో వీపు తట్టినట్టు. స్నేర్ అసలు శత్రువు. దాని అడుగున వైర్ల వరస ఉంటుంది, అది తోలు మీద అదిరి ఆ చటుక్కును పుట్టిస్తుంది. వాడు ఒక మీట తిప్పి వైర్లు వదులు చేసి కొడితే అదే డ్రమ్ము డప్పులా మెత్తగా పలికింది. తాళంలా ఉండే లోహపు పళ్లెం, క్రాష్ సింబల్‌ను పుల్ల మొనతో మెల్లగా తాకితే ఆలయంలో గంట తర్వాత మిగిలే నాదం. పుల్ల నడుముతో బలంగా కొడితే ఇత్తడి పళ్లెం నేలమీద పడినట్టే. నేను సింబల్ అంచును వేళ్లతో పట్టుకున్నాను, శబ్దం టక్కున చచ్చిపోయింది. మళ్లీ కొట్టమన్నాను, మళ్లీ పట్టుకున్నాను. అలా పదిసార్లు చేశాక ఆ వస్తువు మీద భయం పోయింది. మీకు తెలిసిన వాయిద్యకారులు ఎవరైనా ఉంటే ఈ ఒక్క పని చేయండి, వంద వీడియోలకంటే మేలు. పిల్లలతో అయితే పుల్ల వాళ్ల చేతికే ఇచ్చి కొట్టనివ్వండి. తాము చేసిన చప్పుడు వాళ్లకు అంతగా గుచ్చుకోదు.

మా వాడికి కూడా నేనొక పాఠం చెప్పాను. ద హూ అనే బ్రిటిష్ బృందం 1976లో లండన్‌లోని చార్ల్‌టన్‌లో వాయిస్తే, స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదయ్యాయి. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత చెవులు పాడవుతాయని గిన్నిస్ వాళ్లే ఆ విభాగాన్ని మానేశారు. ఆ బృందంలో గిటార్ వాయించిన పీట్ టౌన్‌షెండ్ తన చెవుల్లో మోత గురించి, తగ్గిన వినికిడి గురించి ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. మా వాడు ఇప్పుడు సాధనలో కూడా ప్లగ్గులు పెట్టుకుంటున్నాడు.

లెక్కలు కొన్ని గుర్తుంచుకోండి. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెండింతలవుతుంది. అమెరికాలో పనిచోట ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు, 88లో 4 గంటలు, 100లో 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ స్థలాలకు ఒక ప్రమాణం ప్రకటించింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ మించకూడదు, ప్రేక్షకులకు ప్లగ్గులు అందుబాటులో ఉండాలి, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం ఉండాలి అంది. టికెట్ కొనే ముందు ఫోన్ చేసి ఈ మూడూ అడగండి. నేను అడిగితే ఒకాయన "నిశ్శబ్దంగా ఉండాలంటే ఇంట్లోనే ఉండండి మేడమ్" అన్నాడు. పదిమంది అడిగితే ఆ జవాబు మారుతుంది. ఇవన్నీ వినికిడి పోకుండా ఉండేందుకు వేసిన లెక్కలు. మనకు నొప్పి పుట్టే గీత వీటికి ఎంతో కింద ఉంటుంది. ఫోనులోని డెసిబెల్ యాప్ ఉజ్జాయింపుగా చెబుతుంది, ఆ గీత ఎక్కడో తెలుసుకోవడానికి అది చాలు.

షో రోజు ప్రయాణాన్ని కూడా కచేరీలో భాగంగానే లెక్కవేయాలి. రోజుకు ఇంత అని మన దగ్గర ఓపిక ఉంటుంది, దాన్ని హారన్లకు ఖర్చుపెట్టి వెళితే గిటార్‌కు ఏమీ మిగలదు. ఆర్టీసీ బస్సు మా ఆడవాళ్లకు ఉచితమే, అయినా మా వాడి షో రోజు నేను డబ్బులిచ్చి మెట్రో ఎక్కాను. చిక్కడపల్లిలో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారితే మాదాపూర్ దాకా ఒక్క హారన్ మీద పడదు. ఆకలితో, నిద్ర చాలకుండా వెళ్లవద్దు. మెరుపు లైట్లు ఉంటాయి కాబట్టి అంచు ఉన్న టోపీ పెట్టుకోండి.

మొదటిసారికి ఆరుబయట జరిగేది మంచిది. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట ఆరుబయట వేదిక, పక్కనే చాయ్, సమోసా. నచ్చకపోతే లేచి నాలుగడుగులు వేయవచ్చు. ఆరుబయట, గోడలు లేని చోట దూరం రెండింతలైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. హాలులో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి అంత తగ్గదు. హాలైతే శబ్దాన్ని సరిచూసే ఇంజనీరు బల్ల దగ్గర నిలబడండి, ఆయన తన చెవికి నచ్చేలా సరిచేసేది ఆ చోటునుంచే. మూలల్లో, వెనక గోడకు ఆనుకుని నిలబడవద్దు, బేస్ అక్కడ గుమిగూడి కడుపులో దేవుతుంది. స్పీకర్ నోటికి ఎదురుగా అసలే వద్దు. వరస చివరి కుర్చీ, తలుపు కనబడే చోటు. బయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 గంటల తర్వాత నిషేధం ఉంది, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం. కాబట్టి ఎప్పుడు ముగుస్తుందో ముందే ఒక అంచనా ఉంటుంది, అది కూడా మనకు ఊరటే.

ప్లగ్గులు లోపలికి వెళ్లాక కాదు, బయటే పెట్టుకోండి. ప్రతి రెండు పాటలకూ ఒకసారి బయటికి వచ్చి పది నిమిషాలు కూర్చోండి. కళ్లు చికిలించడం, దవడ బిగియడం, పక్కవాళ్ల మీద ఊరికే చిరాకు, ఇవి నాకు ముందుగా కనబడే గుర్తులు. నొప్పి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఇంటికి వచ్చాక చెవుల్లో గింగురుమంటే ఆ రోజుకు, మర్నాటికి శబ్దానికి సెలవు. ఒక రోజు దాటాక కూడా అది తగ్గకపోయినా, ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినా ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

మా వాడి షోలో ఏడు పాటల్లో అయిదు లోపల విన్నాను, రెండు బయట బెంచీ మీద గోడ అవతలి నుంచి విన్నాను. గోడ అవతల కిక్ డ్రమ్ము ఒక్కటే మిగిలింది, అదీ బాగుంది. వచ్చే షోకు పాటల వరస వాడు నిన్న పంపాడు. ప్రింటు తీసి, విని, గుర్తులు పెట్టి ఫొటో పంపాను.

"అత్తా, ఆరో పాట చుట్టూ ఆ పెద్ద కొక్కెం ఏమిటి?" అని అడిగాడు.

"ఆ పాటకు నేను బయట చాయ్ తాగుతుంటాను."

"అందులోనే నా సోలో ఉంది అత్తా!"

కొక్కెం కొట్టేసి, ఉన్నది ఉన్నట్టే ఉంచమని చెప్పే చుక్కల గీత పెట్టాను. పక్కన రాశాను: ఫోమ్ ప్లగ్గులతో.